సవరాల బూబమ్మ ఇచ్చిన మాట

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మంచం పట్టె మీద వద్దు, అది కిర్రుమంటుంది. చాప మీదికే వచ్చేయండి. నా గొంతు ఈమధ్య దూరం పోవడం లేదు. పెద్ద కథేమీ కాదు, ఒక మనిషి సంగతి చెబుతాను. ఆ మనిషి పేరు నాకు తెలియదు. ఏ ఊరిదో సరిగా తెలియదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఆవిడ వేళ్ళు మాత్రం తెలుసు.

మొన్న మా మనవడు బెజవాడ నుంచి తలకు టోపీ పెట్టుకుని దిగాడు. ఇంట్లో టోపీ ఏమిట్రా అని తీయబోతే, “చెయ్యి పెట్టొద్దు నాయనమ్మా, జుట్టు నాటించుకున్నాను” అన్నాడు. వాడికి ముప్ఫై నాలుగేళ్ళు. నుదురు నడినెత్తి దాకా పాకింది పాపం. వెనక తలలోంచి ఒక్కొక్క వెంట్రుకనూ వేరుతో సహా తీసి ముందు గుచ్చారట. టోపీ తీసి చూపిస్తే, మిరపనారు నాటిన మర్నాటి చేనులా వరసలు వరసలుగా ఉంది. నారు మొదట వాడి ఆకు రాల్చి తరవాత చిగురు వేసినట్టే ఇవి కూడా ఒకసారి రాలిపోయి మళ్ళీ మొలుస్తాయట.

“మరి ఎన్నాళ్ళుంటాయిరా?” అన్నాను. రైతు ఇంటి ఆడదాన్ని, ఏది నాటినా ముందు అడిగేది అదే.

“నాటినవి చాలా ఏళ్ళుంటాయి నాయనమ్మా, కొందరికి జన్మంతా ఉంటాయట. ఎక్కడి నుంచి తీశారో ఆ చోటి గుణం వాటితోనే వస్తుందట. కాకపోతే, వాటి పక్కన ముందు నుంచీ ఉన్న నా జుట్టు ఉంది చూడూ, అది దాని దారిన అది పలచబడుతూనే ఉంటుందన్నాడు డాక్టరు. పెట్టింది ఉంటుంది, ఉన్నది పోతుంది.”

ఆ మాట నేను అరవై ఏళ్ళ కిందటే విన్నాను. డాక్టరు నోట కాదు, సవరాల బూబమ్మ నోట.

సవరం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తల దువ్వినప్పుడు ఊడొచ్చిన జుట్టును ఆడవాళ్ళు పారేసేవాళ్ళు కాదు. వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ గూట్లోనో చూరులోనో దాచేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి చేరిన జుట్టును చిక్కు తీసి, దారానికి కట్టి, పాయ చేస్తే అదే సవరం. జుట్టు పలచబడ్డవాళ్ళు దాన్ని తమ జుట్టుతో ముడేసి కొప్పు చుట్టుకునేవాళ్ళు. పడుచు నాటి జుట్టును ముసలితనంలో పెట్టుకోవడమన్నమాట.

బూబమ్మ అన్నది కూడా ఆవిడ పేరు కాదు. మా వైపు సాయెబుల ఇళ్ళ ఆడవాళ్ళందరినీ అలాగే పిలిచేవాళ్ళం. వినుకొండ అవతల నుంచి వస్తుందని కొందరు, చీరాల అల్లుడి దగ్గర ఉంటుందని కొందరు అనేవాళ్ళు. అడిగితే “నడిచొచ్చే ఊరు తల్లీ” అనేది. నేను కాపురానికి వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. అప్పటికింకా ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. మాది ఆ నడిమి నల్లరేగడి. పత్తి, మిరప తప్ప కళ్ళకు ఇంకో రంగు ఆనని ఊరు.

ఆవిడ ఊళ్ళోకి వచ్చిందని తుమ్ములే చెప్పేవి. మిరపకాయలు కళ్ళానికి చేరి ఎండుతుంటే ఊరంతా కోరు, అదే ఆ ఘాటు, లేస్తుంది కదా, మాకు అలవాటు, ఆవిడకు కాదు. వీధి మొదట్లో ఏడెనిమిది తుమ్ములు వరసగా వినపడేవి. ఆ తరవాత కేక. “సవరాలు కడతా! చిక్కుజుట్టుంటే తీసుకురండమ్మో!” ఆ వెనకాలే తిట్టు. “ఈ మిరపకాయల ఊళ్ళు పాడుగాను, ముక్కుతో కూడా ఏడిపిస్తాయి!”

పొడగరి. సన్నటి మనిషి. కొంగు చెవుల దాకా లాగి కప్పుకునేది. ఎడమ చేతికి నిండుగా గాజులు, కుడి చెయ్యి బోడి. ఎందుకంటే, “గాజులో వెంట్రుక చిక్కుకుంటే గాజూ గెలవదు, వెంట్రుకా గెలవదు” అనేది. ఆవిడ జుట్టు ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఒక్కరూ చూడలేదు. మా ఎదురింటి పిల్ల ఒకసారి, “ఊరందరికీ జుట్టు కడతావు, నీది చూపించవేం బూబమ్మా?” అని అల్లరి చేసింది.

“వడ్డించేదాన్ని పట్టుకుని నువ్వు తిన్నావా అని అడక్కూడదే పిల్లా!” అంది. అంతే, కొంగు మాత్రం జరగలేదు.

మా అరుగు మీదే కూర్చునేది. సంచిలోంచి మేకులు దిగ్గొట్టిన చెక్క ఒకటి తీసి, దాని మీద జుట్టు వేసి చిక్కు తీసేది. చీరాల నూలు దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొస పళ్ళ మధ్య బిగించేది. పళ్ళ మధ్య దారం ఉన్నా కబుర్లు ఆగేవి కావు. ఎలా మాట్లాడేదో మరి.

నాకు ఇప్పటికీ కలలో కనపడేది ఆవిడ వెంట్రుకను పరీక్ష చేసే పద్ధతి. ఒక్క వెంట్రుక తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపేది. ఆ వెంట్రుక పురుగులా ఒక పక్కకు పాకేది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, “చూశావా కోడలుపిల్లా, వెంట్రుకకు కాలూ తలా ఉంటాయి. అది ఎటు పాకితే అటు దాని కుదురు. ఊడొచ్చి పదేళ్ళయినా పుట్టిల్లు మర్చిపోలేదు” అనేది. కుదుళ్ళన్నీ ఒక పక్కకు, కొసలన్నీ ఒక పక్కకు పెట్టి కట్టాలి. ఒక్కటి తిరగబడినా పక్కవాటితో పోట్లాడి సవరమంతా చిక్కుపడుతుందట.

మీరూ ఒకసారి నలిపి చూడండి. నిజంగానే పాకుతుంది.

ఆవిడకు ఒక నియమం ఉండేది. ఒకరి తలది ఇంకొకరి తలకు కట్టేది కాదు. బస్తీల నుంచి జుట్టు కొనేవాళ్ళు వచ్చి బస్తాల్లో కలిపి కట్టుకుపోయేవాళ్ళు. ఆ మాట ఎత్తితే మూతి విరిచేది. “అది సవరమా? సంత. నెత్తి మీద వందమంది మాట్లాడుతుంటే ఎట్టా నిద్ర పడుతుందమ్మా?” అనేది. ఎవరింటి ఉండ ఆ ఇంటి మనిషికే. కూలిగా చేటెడు మిరపకాయలు పుచ్చుకునేది, తుమ్ముతూనే.

ఆ మధ్యాహ్నాలు ఎలా ఉండేవంటే, ఎండ తెల్లగా కాగి ఉండేది. పక్కింట్లో పత్తి కుక్కిన బోరేల నుంచి పింజలు లేచి గాలిలో ఎటూ పోకుండా నిలబడేవి. దండెం మీద కుంకుడు రసంతో కడిగిన జుట్టు పాయలుగా ఆరుతుండేది. గాలి వీస్తే ఆ పాయలు మెల్లగా ఊగేవి, ఎవరో అటు తిరిగి నుంచుని తల ఆరబెట్టుకుంటున్నట్టు. అవతల కళ్ళం ఎర్రగా, ఇవతల జుట్టు నల్లగా, నడుమ తెల్లటి దూది. నేను మిరప తొడిమలు తీస్తూ తీస్తూ అలాగే చూస్తుండిపోయేదాన్ని. పగలో కలో తెలిసేది కాదు.

ఇక మా అత్తగారి సంగతి.

నేను వచ్చేటప్పటికి ఆవిడకు నలభై కూడా లేవు. కానీ తల సరిగా దువ్వుకునేది కాదు. జుట్టంతా ముడి వేసి వదిలేసేది. గడప దాటేది కాదు. నేను రావడానికి రెండేళ్ళ ముందు ఆవిడకున్న ఒక్క కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, విషజ్వరంతో పోయింది. మోకాళ్ళ దాకా జుట్టుండేదట. జ్వరంలో పిడికెళ్ళ కొద్దీ ఊడిందట. ఆ పిల్ల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మా మామగారి అక్క మా ఇంట్లోనే ఉండేది. చిన్నప్పుడే పసుపు కుంకాలు పోయిన మనిషి. మేమంతా పెద్దావిడ అనేవాళ్ళం. ఇల్లు నడిపేది ఆవిడే. పోయినవాళ్ళ బట్ట, దువ్వెన, జుట్టు ఇంట్లో ఉండకూడదని ఆవిడ పట్టు. అన్నీ వాగులో కలిపించింది.

అన్నీ కలిశాయనే అందరం అనుకున్నాం.

నేను వచ్చిన ఏడాదే వేసవిలో బూబమ్మ అరుగెక్కితే, మా అత్తగారు లోపలి నుంచి ఒక పిడత తెచ్చింది. అందులో దూది. దూది మధ్యన జుట్టు ఉండ, పిట్ట గూట్లో గుడ్డులా. “నాదే. సవరం కట్టు” అని బూబమ్మ ముందు పెట్టింది. ఆవిడ గడప దాటి అరుగు మీదికి రావడం నేను చూడ్డం అదే మొదటిసారి.

బూబమ్మ ఒక వెంట్రుక లాగి వేళ్ళ మధ్య నలిపింది. మళ్ళీ ఇంకొకటి లాగి కుదురు నుంచి కొస దాకా గోరు మీద జార్చింది. పళ్ళ మధ్య దారం వదిలేసి గట్టిగా అనేసింది.

“ఇది నీది కాదే తల్లీ! ఇది పడుచుపిల్ల జుట్టు. ఇదిగో, ఈ కుదుళ్ళ దగ్గర సన్నబడింది. ఒళ్ళు కాలే జ్వరం వచ్చింది ఈ పిల్లకు.”

ఆవిడకు తెలియదు కదా. ఆవిడ చేతులకు తెలిసింది చెప్పింది. నేను తొడిమ తీస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది. అరుగు రెండో కొసన పెద్దావిడ చేటతో గింజలు చెరుగుతోంది. చేట ఆగింది.

“ఏందీ? ఎవరి జుట్టు?” అంది పెద్దావిడ.

మా అత్తగారు పిడతను ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద మూసింది. ఆ చేతులు చూసింది బూబమ్మ. ఆ ముఖం చూసింది. ఆవిడకు అర్థం కావడానికి ఒక తుమ్ము తుమ్మినంత సేపు కూడా పట్టలేదు.

“పాడు కళ్ళు!” అని నెత్తి కొట్టుకుంది. “మీ మిరప కోరు పాడుగాను, వేళ్ళకు కూడా మండి మొద్దుబారినయ్. ఈయమ్మదే ఈ జుట్టు. పురిటినాటి జ్వరం అయ్యుంటది. పడుచప్పుడు ఎవరి జుట్టయినా ఇట్టాగే ఉంటది లేండి, పెద్దమ్మగారూ.”

పెద్దావిడ చాలాసేపు చూసింది. తరవాత చేట చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది, ఏమీ అనకుండా. ఏమీ అనకుండా ఊరుకోవడం ఆవిడ గుణం కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

బూబమ్మ గొంతు దించింది. “బిడ్డదా?”

అత్తగారు తలూపింది.

“నేను ఒక తలది ఇంకో తలకు కట్టను తల్లీ. కానీ కడుపున పుట్టిందాని జుట్టు కూడా నీ జుట్టే. కడతా.”

ఆ పూటంతా కట్టింది. ఎప్పుడూ కబుర్లాడే మనిషి ఒక్క ముక్క మాట్లాడలేదు. సాయంత్రానికి మా అత్తగారి పలచటి జుట్టుకు ఆ సవరం ముడేసి కొప్పు చుట్టింది. అత్తగారు కొప్పు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచుకుని అడిగింది.

“ఎన్నాళ్ళుంటుంది బూబమ్మా?”

“నువ్వు ఉన్నన్నాళ్ళు” అంది బూబమ్మ.

ఆ మాట మీద మా అత్తగారు తొమ్మిదేళ్ళు బతికిందమ్మా. అలంకారానికి చెప్పడం లేదు. మర్నాటి నుంచి ఆవిడ కళ్ళానికి వచ్చింది. కూలీలను అదిలించింది. పెళ్ళిళ్ళకు వెళ్ళింది. వారానికోసారి సవరం విప్పి నా చేతికిచ్చేది. నేను కుంకుడుకాయలు కొట్టి, రసం తీసి, రుద్ది, దండెం మీద ఆరవేసి, చిక్కు తీసి, మళ్ళీ ఆవిడ కొప్పులో చుట్టేదాన్ని. ఆవిడ ముడి బిగువు చూసుకుని “చాలు” అనేది. అంతకు మించి మా మధ్య మాటలుండేవి కావు. నేనంటే కోపం కాదు. కూతురుండాల్సిన ఇంట్లో కోడలు తిరుగుతుంటే కళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియదు, అంతే.

ఏటా ఎండాకాలం బూబమ్మ వచ్చేది. మొదటి మూడు నాలుగేళ్ళు చూసి, “బాగుంది, బాగుంది” అని వెళ్ళేది. తరవాత అత్తగారి తల నెరవడం మొదలైంది. సవరం నెరవదు కదా. చెవుల దగ్గర తెలుపు, కొప్పు దగ్గర కాకి నలుపు. ఎదురింటి పిల్ల “ముందు నుంచి చూస్తే అమ్మమ్మ, వెనక నుంచి చూస్తే పెళ్ళికూతురు” అని నవ్వింది. బూబమ్మ అప్పటి నుంచి అత్తగారి నెరిసిన జుట్టు ఉండలు అడిగి పుచ్చుకునేది. ఆ తెల్లవెంట్రుకలను సవరానికి పైపైన కలిపేది. లోపల నలుపు అలాగే ఉంచేది. “నలుపు దాస్తున్నానే గానీ తీయట్లేదు తల్లీ” అనేది. అత్తగారి ముఖం తేటపడేది. ఏటా ఆవిడ అడిగేది అదే ప్రశ్న, బూబమ్మ చెప్పేది అదే మాట. నువ్వు ఉన్నన్నాళ్ళు.

కానీ తల దువ్వేది నేను కదా. నాకు తెలుస్తూనే ఉండేది. సవరం బరువు అలాగే ఉంది. దాన్ని పట్టుకునే జుట్టు ఏటికేడు వేలెడు లావు, అరవేలెడు లావు అయిపోతోంది. ముడి ఎంత బిగించినా మధ్యాహ్నానికి జారేది. ఆవిడ నడుస్తూ నడుస్తూ చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకునేది. పిల్లాడిని సంతకు తీసుకెళ్ళిన తల్లి మాటిమాటికీ వెనక్కి చూసుకున్నట్టు.

తొమ్మిదో ఏడు కళ్ళంలో కాయలు తిరగేస్తున్నాం. పదిమంది కూలీలున్నారు. అత్తగారు వంగి తాలుకాయలు ఏరుతూ అటు జరిగింది. ఒక్కసారిగా ఎవరో అరిచారు.

“ఒరేయ్, పాము రోయ్! మిరపకాయల్లో పాము!”

ఎర్రటి కాయల మీద నల్లగా, పైన తెల్ల చారలతో, మెలి తిరిగి పడి ఉంది. ఒకడు కర్ర ఎత్తి ఒక దెబ్బ వేశాడు. కాయలు చిట్లి గింజలు లేచాయి. రెండో దెబ్బకు కర్ర లేచేలోపల మా అత్తగారు పరుగున వచ్చి దాని మీద పడిపోయింది.

“కొట్టమాక! కొట్టమాకరా! నా బిడ్డరా!”

కర్ర ఎత్తినవాడు వెనక్కి తగ్గాడు. వెనక ఎవరో నవ్వబోయారు. ఆవిడ ఎండలో అలా బోర్లా పడి ఉంటే, కొంగు జారి, తల వెనకభాగం అందరికీ కనిపించింది. అక్కడ జుట్టు లేదు. నాలుగు తెల్లపోగులు, కింద చర్మం. నవ్వబోయినవాళ్ళు నోరు మూసుకున్నారు. నేను వెళ్ళి నా కొంగు ఆవిడ తల మీద కప్పాను.

ఇంటికి తెచ్చాక ఆవిడ మళ్ళీ గడప దాటలేదు. సవరాన్ని మిరప ఘాటు పోయేదాకా మూడు నీళ్ళలో కడిగి ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిండి తగ్గించేసింది. మా మామగారు బతిమాలాడు, కసిరాడు. లాభం లేదు. నాలుగో రోజు పెద్దావిడ ఆవిడ ఎదురుగా వెళ్ళి కూర్చుంది. ఇక వాగులో కలపమంటుందనే అనుకున్నాను.

“నాకు తెలియదనుకున్నావంటే?” అంది పెద్దావిడ. “ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచి జడలేసిన చెయ్యి ఇది. దండెం మీద ఆరేసినప్పుడే పోల్చుకున్నా. తొమ్మిదేళ్ళూ ఎందుకూరుకున్నా? నువ్వు లేచి తిరుగుతున్నావని. ఇప్పుడు పడిపోతానంటే నేనూరుకోను. బూబమ్మను రానీ.”

అత్తగారు అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ ఏడు బూబమ్మ ఆలస్యంగా వచ్చింది. కళ్ళాలు ఖాళీ అయ్యాక, కోరు లేదు గనుక తుమ్ములు లేకుండా, చప్పుడు లేకుండా వచ్చింది. మనిషి బాగా ముసలిదైపోయింది. చూపు ఆనడం లేదు, గోడ పట్టుకుని అరుగెక్కింది. అత్తగారు బయటికి వచ్చి సవరం ఆవిడ ముందు పెట్టింది.

“నేను ఉన్నన్నాళ్ళు ఉంటుందన్నావు” అంది. అరవలేదు, మామూలుగానే అంది.

బూబమ్మ సవరాన్ని చేతుల్లోకి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో చదివింది. “ముడి ఒక్కటి ఊడలేదు తల్లీ. నిన్న కట్టినట్టుంది.” తరవాత చెయ్యి చాపి అత్తగారి తల తడిమింది. చాలాసేపు తడిమింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల దించింది.

“నేను సవరం మాట చెప్పాను. దాన్ని పట్టుకునే జుట్టు మాట చెప్పలేదు. పెట్టింది ఉంటది తల్లీ, ఉన్నదే పోతది. ఆనాడే నాకు తెలుసు. నీ ముఖం చూసి నోరు రాలేదు. ఆ తప్పు నాది.”

పత్తి పింజ ఒకటి ఎక్కడి నుంచో వచ్చి సవరం మీద వాలింది. బూబమ్మకు కనపడలేదు, నేను తీశాను. తీస్తూ తలెత్తితే, మా అత్తగారు నా జడ వంక చూస్తోంది. అడగడం లేదు. చూస్తోంది, అంతే. అప్పుడు నాకు బారెడు జడ, చేతికి పట్టనంత లావు.

నాకు భయం వేసిందమ్మా. దాచను. నాకప్పటికి ఇద్దరు పిల్లలు, చిన్నవాడు చంటివాడు. పోయినవాళ్ళ జుట్టు తల మీద పెట్టుకుంటే పాలు కూడా ఇంకిపోతాయని మా అమ్మ చెప్పేది. ఆవిడ నోరు తెరిచి అడిగితే కాదనేదాన్నేమో. అడగలేదు కనకనే కాదనలేకపోయాను.

“నాకు కట్టు బూబమ్మా” అన్నాను.

“కట్టను” అంది ఆవిడ వెంటనే. “నీ తలది కాదు, నీ నెత్తురూ కాదు. నా చేత్తో ఆ పని ఎప్పుడూ చేయలేదు, పోయే ముందు చేయను.”

పెద్దావిడ ఏదో అనబోయింది. నేనే అన్నాను. “తొమ్మిదేళ్ళు దాన్ని రుద్దింది నేను, ఆరబెట్టింది నేను, చిక్కు తీసింది నేను. ఆ పిల్లను చూడనైనా చూడలేదు. బతికున్న ఆడబిడ్డకైతే ఇంత చాకిరీ చేసి ఉండేదాన్ని కాదు, నాలుగు పోట్లాటలయ్యి ఉండేవి. ఇది నాకు పరాయిదెట్టా అయింది?”

బూబమ్మ ముఖం ఎత్తి నా గొంతు వైపు తిరిగింది. పళ్ళు లేని నోటితో నవ్వింది.

“పోట్లాడని ఆడబిడ్డ దొరికిందన్నమాట నీకు. తల ఇటు తిప్పవే కోడలుపిల్లా.”

ఆ పగలంతా పట్టింది. చూపు లేకపోయినా వేళ్ళతోనే పోల్చుకుంటూ, అయిదారేళ్ళుగా కలిపిన తెల్లవెంట్రుకలన్నీ ఒక్కొక్కటే వేరు చేసింది. “ఇవి నీవి తల్లీ” అని అత్తగారి ఒళ్ళో పెట్టింది. మిగిలిన నలుపును నా జడ మొదట్లో చేర్చి, కుదుళ్ళు కుదుళ్ళ వైపు, కొసలు కొసల వైపు పెట్టి ముడి వేసింది. వేసి రెండుసార్లు లాగి చూసింది. చేటెడు మిరపకాయలు సంచిలో పోసి ఇచ్చాను. భుజాన వేసుకుని మెట్లు దిగి, వీధిలోకి పోయి, ఎండలో కలిసిపోయింది. మళ్ళీ ఏ వేసవికీ రాలేదు. ఆవిడ ఇంటికి కబురు పెడదామంటే ఏ ఊరికని పెడతాం, ఏ పేరని అడుగుతాం?

మర్నాడు పొద్దున నేను దువ్వెన తీసుకుని పెరట్లో కూర్చోబోతుంటే, మా అత్తగారు వెనక నుంచి వచ్చి దువ్వెన నా చేతిలోంచి లాక్కుంది. పీట జరిపి నా వెనక కూర్చుంది. జడ విప్పింది. నేను ఇబ్బందిగా అటూ ఇటూ కదులుతుంటే నెత్తి మీద దువ్వెనతో ఒక్కటి వేసింది.

“కదలకే, దెయ్యమా! పాపిడి వంకరపోతుంది.”

అన్నేళ్ళలో ఆవిడ నన్ను ‘ఏమే’ అన్నంత చనువుగా కసిరింది అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగితే మిరప చెయ్యి తగిలిందన్నాను. ఆవిడ ఇంకా పదకొండేళ్ళు బతికింది. నా పాలు ఇంకలేదు, నా పిల్లలకు ఏమీ కాలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా తల నేను దువ్వుకున్న రోజు లేదు.

ఇంతే సంగతి. కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, లేవండిక. మీ ఇంట దువ్వే చెయ్యి ఒకటి, ఆ చేతికి ఒదిగి కూర్చునే తల ఒకటి ఎప్పుడూ కరువు కాకుండా ఉండుగాక. చల్లగా ఉండండి తల్లీ, అందరూ.